రోజుకొక పేరా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమన్నప్పుడు నిర్వాహకులు "మీ ఇంజినీరింగ్ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఇంగ్లీషు చదవడం గురించి చెప్తానన్నాను. "అది బడిలో సార్లు చెప్తారు కదా, మీరెందుకు?" అన్నారు. ముప్పై ఏళ్లుగా సబ్‌స్టేషన్లలో పనిచేస్తున్నాను. మా పనిలో సగం కరెంటు, సగం కాగితం. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. కరెంటు తెలిసి కాగితం అర్థం కాని మనిషిని మా దగ్గర ఒంటరిగా పనికి పంపరు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను. ఇంగ్లీషు గడగడా మాట్లాడడం గురించి నేను చెప్పబోవడం లేదు. ఒక చిన్న పేరా చదివి, అందులో ఏముందో సరిగ్గా తెలుసుకోవడం గురించి మాత్రమే చెప్తాను.

ముందు పిల్లలతో ఒక ఆట. ఒక వాక్యం చెప్తాను, వినండి. "గిబ్బుడు పొద్దున్నే తబ్బలో మిరికాడు." గిబ్బుడు ఎక్కడ మిరికాడు? (పిల్లలు: "తబ్బలో!") ఎప్పుడు మిరికాడు? ("పొద్దున్నే!") పొద్దున్నే తబ్బలో మిరికింది ఎవరు? ("గిబ్బుడు!") శభాష్, మూడుకు మూడు మార్కులు. ఇప్పుడు చెప్పండి, మిరకడం అంటే ఏమిటి? (నవ్వులు)

ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ మాటలు నేను రాత్రి కూర్చుని కల్పించినవి. అయినా మార్కులన్నీ వచ్చేశాయి. పరీక్షలో ఇంగ్లీషు పేరా కింద ప్రశ్నలకు మనలో చాలామంది జవాబు రాసేది ఇలాగే. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతుకుతాం, ఆ వరుస మొత్తం ఎత్తి జవాబు కాగితంలో పెడతాం. పాసవుతాం. కానీ పేరాలో ఏముందో అడిగితే గిబ్బుడి కథే.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. పెద్దలకు తెలిసే ఉంటుంది, మన ఆదోని ప్రాంతం ఒకప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మనం కర్నూలు జిల్లాలోకి వచ్చాం. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో అన్ని జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు అని లెక్క అడిగాడు. మరుసటి ఏడు బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ జవాబు పంపాడు. జిల్లా మొత్తం మీద 533 బడులు. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి.

ఆ నివేదికలో ఆయన బాధపడిన విషయం ఒకటుంది. పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పజెప్తున్నారు గానీ, వాటి అర్థం చిలకకు తెలిసినంతే వాళ్లకూ తెలుసు అన్నాడు. బడిలో చదివే భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు, అందుకే ఈ తిప్పలు అన్నాడు. అప్పుడది గ్రాంథికం, ఇప్పుడు ఇంగ్లీషు. రెండు వందల ఏళ్లు గడిచాయి, చిలక మాత్రం ఎగిరిపోలేదు.

అయితే అదే నివేదికలో మనం నేర్చుకోవలసిన మంచి కూడా ఉంది. ఆనాటి అయ్యవార్లు ఊళ్లో నుంచి రకరకాల ఉత్తరాలు, సర్కారు కాగితాలు సంపాదించి తెచ్చి, వేర్వేరు చేతిరాతల్లో ఉన్న వాటిని పిల్లల చేత చదివించేవారట. మామూలు ఉత్తరాలు రాయించేవారు, ఒప్పంద పత్రాలు రాయించేవారు. అంటే మన ప్రాంతపు వీధి బడిలో ఆనాడే నిత్యజీవితపు కాగితం పాఠ్యపుస్తకంగా ఉండేది.

ఇంకో ఉదాహరణ మన సీమలోదే. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. తర్వాత వచ్చే ఇంగ్లీషు దొరలు తెలుగు నేర్చుకోవడానికి 1852లో 'తెలుగు రీడర్' అనే పుస్తకం అచ్చు వేయించాడు. అందులో ఏమున్నాయి? ఇంటి ఉత్తరాలు, వ్యాపారం ఉత్తరాలు, పోలీసు కాగితాలు, రెవెన్యూ కాగితాలు. వాటికి ఇంగ్లీషు అనువాదం, వ్యాకరణం నోట్సు, ఒక చిన్న నిఘంటువు. పరాయి భాష నేర్చుకునే మనిషికి ముందు చేతికివ్వాల్సింది రోజూ ఎదురయ్యే విషయమని ఆయనకు బాగా తెలుసు. తెలుగు నేర్చుకోవడానికి దొరలకు పనికొచ్చిన దారి, ఇంగ్లీషు నేర్చుకోవడానికి మన పిల్లలకు ఎందుకు పనికిరాదు?

మన కాలంలోనూ ఈ ప్రయత్నం జరిగింది. 1979లో ఎన్.ఎస్. ప్రభు అనే ఆచార్యుడు బెంగుళూరులో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. దక్షిణాదిలో కొన్ని మామూలు బడుల్లో అది అయిదేళ్లు సాగింది. వ్యాకరణ సూత్రాలతో మొదలుపెట్టకుండా పిల్లల ముందు రైల్వే టైం టేబుల్ పెట్టేవారు, పటం పెట్టేవారు. ఈ బండి ఎక్కితే ఎన్ని గంటలకు చేరతాం, ఏ దారిన పోతే దగ్గర అని లెక్క తేల్చమనేవారు. మనసు అర్థం మీద పడినప్పుడు భాష దానంతట అది ఎక్కుతుందని ఆయన నమ్మకం.

పిల్లలూ, టైం టేబుల్‌కు మనం బెంగుళూరు దాకా పోనక్కరలేదు. మన స్టేషనుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం రోడ్డు, రాయచూరు. ఈ వరుస మీకు నిద్రలో కూడా తెలుసు. ఇంగ్లీషు పేరా ఈ స్టేషన్ల గురించి ఉందనుకోండి, సగం అర్థం మీ దగ్గర ముందే ఉంది. మిగతా సగమే భాష నుంచి తెచ్చుకోవాలి. అదే పేరా మంచు కొండల మీద జారే ఆట గురించి ఉందనుకోండి, విషయమూ కొత్తే, భాషా కొత్తే. రెండు కొత్తలు ఒకేసారి మోయలేక పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు. మంచు కొండల పాఠం చదవొద్దని కాదు, అది తర్వాత మెట్టు. తెలిసిన విషయం మీద నిలబడి తెలియని భాషను అందుకోవాలి.

ఒక నమూనా చెప్తాను. ఆదోని పత్తి మార్కెట్ మీద ఎనభై మాటల ఇంగ్లీషు పేరా ఒకటి రాశామనుకోండి. దాని సారాంశం ఇది. రైతు తెచ్చిన పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడిస్తారు. గింజ వేరు, దూది వేరు అవుతుంది. నూరు కిలోల పత్తికి సుమారు 34 కిలోల దూది వస్తుంది. ఆ దూదిని గట్టిగా అదిమి బేళ్లు కడతారు. ఒక బేలు 170 కిలోలు. గింజ నూనె మిల్లుకు పోతుంది. ఇంతే.

ఇప్పుడు ప్రశ్నలు. ఒకటి, గింజ ఎక్కడికి పోతుంది? ఇది పేరాలో ఉన్నదే, వేలు పెట్టి చూపొచ్చు. రెండు, ఒక బేలు కట్టాలంటే ఎన్ని క్వింటాళ్ల పత్తి కావాలి? ఇది పేరాలో ఎక్కడా లేదు. 34ను అయిదుతో గుణిస్తే 170, కాబట్టి అయిదు క్వింటాళ్లు. ఈ జవాబు వరుస ఎత్తి రాస్తే రాదు, అర్థమైతేనే వస్తుంది. మూడు, 'ప్రెస్' అన్న మాట ఇక్కడ ఏ అర్థంలో వచ్చింది? పత్రికలా, ఇస్త్రీనా, అదమడమా? పక్క మాటలు చూసి చెప్పాలి. నాలుగు, ఈ పేరాకు పేరు పెట్టమంటే ఏం పెడతారు? అయిదు, రైతుకు గిట్టుబాటు అవుతుందని ఈ పేరా చెప్పిందా? చెప్పలేదు. "చెప్పలేదు" అన్నది కూడా సరైన జవాబేనని పిల్లలకు నేర్పాలి. లేని మాటను ఉన్నట్టు చదవడం, ఉన్న మాటను వదిలేయడం అంత ప్రమాదమే.

ఇక వాక్యం సంగతి. మన తెలుగు పిల్లలు ఇంగ్లీషు వాక్యంలో ఎక్కడ తప్పిపోతారో చెప్తాను. మనం "నిన్న ఆదోనిలో అమ్మిన పత్తి" అంటాం. వివరమంతా ముందొస్తుంది, పత్తి ఆఖర్న వస్తుంది. ఇంగ్లీషులో "ది కాటన్ దట్ వజ్ సోల్డ్ ఎట్ ఆదోని యెస్టర్‌డే". పత్తి ముందొచ్చింది, వివరం తోకలాగా వెనక వచ్చింది. మాటకు మాట తెలుగులో పెట్టుకుంటూ పోయే పిల్లవాడు "పత్తి, అది, అమ్మబడింది" అనుకుని అక్కడే వాక్యం అయిపోయిందనుకుంటాడు. తీరా చూస్తే అసలు క్రియ ఇంకా ముందుంది. అందుకే ఇంగ్లీషు వాక్యాన్ని ముందు చివరిదాకా ఒకసారి చూడాలి. ఎవరు, ఏం చేశారు అన్న రెండూ పట్టుకోవాలి. తోకలు తర్వాత చూసుకోవచ్చు.

రెండోది, చిన్న మాటలు. పెద్ద మాట తెలియకపోతే పిల్లవాడు ఆగి అడుగుతాడు, నిఘంటువు చూస్తాడు. చిన్న మాటను చూడకుండానే దాటేస్తాడు. అన్‌లెస్, అన్‌టిల్, ఎక్సెప్ట్, ఓన్లీ, అట్ లీస్ట్, నాట్ మోర్ దేన్. వాక్యం మొత్తాన్ని తిప్పేసేవి ఇవే. మా పనిలో లైను మీద మనిషి ఎక్కే ముందు ఎల్‌సీ తీసుకుంటారు, లైన్ క్లియర్ అన్నమాట. సూచనల కాగితంలో ఇలా ఉంటుంది: "డు నాట్ క్లోజ్ ది బ్రేకర్ అన్‌లెస్ ది పర్మిట్ ఈజ్ రిటర్న్‌డ్." పర్మిట్ తిరిగి వస్తే తప్ప బ్రేకర్ వేయొద్దు అని. ఆ వాక్యంలో బ్రేకర్ అందరికీ తెలుసు, పర్మిట్ అందరికీ తెలుసు. స్తంభం మీదున్న మనిషి ప్రాణం నిలబడింది మాత్రం 'నాట్' మీద, 'అన్‌లెస్' మీద. కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను మొదటి రోజు ఇచ్చేది ఇలాంటి పది వాక్యాలే. "చదివావా?" అని అడగను. "అయితే ఇప్పుడు ఏం చేస్తావు, ఏం చేయవు, తెలుగులో చెప్పు నాయనా" అంటాను. చెప్పినప్పుడే తెలుస్తుంది చదివాడో లేదో.

సబ్‌స్టేషను దాకా ఎందుకు, మన ఇళ్లలోనే చూడండి. పత్తికి కొట్టే మందు డబ్బా మీద నాలుగు మూలల గుర్తు ఉంటుంది. అందులో కింది సగానికి రంగు వేస్తారు. ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పక్కన గాలికి ఎదురుగా కొట్టొద్దని, ఎన్ని రోజులు ఆగి కోత కోయాలో రాసి ఉంటుంది. లోపల పెట్టిన కాగితంలో తెలుగు కూడా ఉంటుంది గానీ, ఆ కాగితం పొలం గట్టు మీద గాలికి పోయాక డబ్బా మీది ఇంగ్లీషే మిగులుతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ తీసుకోండి. ప్యాకెట్ మొత్తం ఒక లీటరు తాగే నీళ్లలో కలపాలి, 24 గంటల్లో వాడేయాలి. మూడు లీటర్ల నీళ్లకు ఎన్ని ప్యాకెట్లు? నిన్న మధ్యాహ్నం కలిపింది ఈ సాయంత్రం బిడ్డకు పట్టవచ్చా? ఇవి ఇంగ్లీషు పరీక్ష ప్రశ్నలే, ఇంటి ప్రశ్నలు కూడా. దేశంలో చదువుల స్థాయిని కొలిచే 'అసర్' సర్వేవాళ్లు 2017లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను పరీక్షించినప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్ మీది సూచనలు చదివించారు. చదువు వచ్చిందా అనడానికి అంతకంటే మంచి కొలత ఏముంటుంది?

ఎలా సాధన చేయాలో ఇప్పుడు చెప్తాను. పిల్లలు రాసుకోవచ్చు.

పేరా చిన్నదిగా ఉండాలి, ఎనభై నుంచి నూరు మాటలు. అందులో తెలియని మాటలు రెండు మూడు, మహా అయితే అయిదు ఉండాలి. అంతకు మించితే ఆ పేరా మీకు ఇంకా తొందర, పక్కన పెట్టి సులువుది తీసుకోండి. గట్టిగా చదవొద్దు. గట్టిగా చదివితే ధ్యాసంతా నోటి మీద ఉంటుంది. మొదటిసారి మనసులో ఆగకుండా చదవండి, దేని గురించో తెలుసుకోండి. తర్వాత ప్రశ్నలు చూడండి. రెండోసారి నిదానంగా, పెన్సిల్ పట్టుకుని చదవండి. తెలియని మాట కింద గీత గీయండి, వెంటనే నిఘంటువు తీయొద్దు. ముందు మాట, వెనక మాట చూసి ఊహించండి. జవాబు ముందు తెలుగులో చెప్పండి. అర్థమైందో లేదో తెలుగులోనే తేలుతుంది. ఆ జవాబుకు ఆధారం ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూపండి. ఆ తర్వాతే మీ సొంత మాటల్లో ఇంగ్లీషులో రాయండి, చిన్న వాక్యమైనా చాలు. అన్నీ అయ్యాక నిఘంటువు తీసి మీ ఊహ సరిపోయిందో లేదో చూసుకోండి. మొత్తం పదిహేను నిమిషాలు.

మీకు మాకంటే ఒక సౌకర్యం ఎక్కువ ఉంది. ఇప్పటి మీ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. చాలామంది తెలుగు పేజీ చదివి పుస్తకం మూస్తున్నారని విన్నాను. దాన్ని తిరగేయండి. తెలుగు పేజీ మీద కాగితం కప్పి, ఇంగ్లీషు పేజీలో ఒక్క పేరా చదివి, అర్థం మీరే చెప్పుకుని, అప్పుడు కాగితం తీసి చూడండి. ట్యూషన్ లేకుండా, ఖర్చు లేకుండా ఇంట్లోనే సారు ఉన్నట్టు.

"ఇప్పుడు ఫోనే తెలుగులోకి మార్చేస్తుంది కదా, ఇదంతా ఎందుకు?" అని ఒక తమ్ముడు పొద్దున అడిగాడు. మార్చనీ తమ్ముడూ, నేనూ వాడతాను. కానీ అది మార్చింది సరిగ్గా ఉందా లేదా అని చూడడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి నువ్వు కావాలంటే చదవడం రావాలి. ఇక ఇంగ్లీషు మీడియం వచ్చాక సైన్సూ, సాంఘికమూ అన్నీ ఇంగ్లీషు పేరాలే అయ్యాయి. పేరా అర్థం కాని పిల్లవాడు ఒక్క ఇంగ్లీషులో వెనకబడితే పోనీ అనుకోవచ్చు. ఇప్పుడు అన్నింట్లో వెనకబడతాడు.

చివరిగా, పెద్దలకు ఒక మాట. మన ప్రాంతం సంగతి మీకు నేను చెప్పేదేముంది. వానలు మొహం చాటేస్తే, దసరా దీపావళి దాటితే, ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతారు. పెద్దవాళ్ల వెంట పిల్లలూ పోతారు. మా తరగతిలో నా బెంచీ మీద నలుగురం కూర్చునేవాళ్లం. సంక్రాంతికి ఇద్దరమే మిగిలేవాళ్లం. పోయిన ఇద్దరూ నాకంటే లెక్కలు బాగా చేసేవాళ్లు. ఉగాదికి తిరిగి వచ్చేసరికి పాఠాలు చాలా దూరం వెళ్లిపోయేవి. లెక్కలు ఎలాగో అందుకున్నారు, ఇంగ్లీషు అందలేదు, పదో తరగతి అక్కడే ఆగింది. ఆ బెంచీ ఇప్పటికీ అలాగే ఖాళీ అవుతోందని మన సార్లు చెప్తున్నారు. సుగ్గిని ఆపడం మన సంఘం చేతిలో లేదు. పిల్లవాడి సంచిలో ఒక కాగితాల కట్ట పెట్టడం మాత్రం మన చేతిలో ఉంది.

అందుకే నా ప్రతిపాదన. ఈ స్వర్ణోత్సవం గుర్తుగా మనం నూరు పేరాలు తయారు చేద్దాం. పూర్వ విద్యార్థి ఒక్కొక్కరు ఒక్కొక్క పేరా, ఎవరి పని గురించి వాళ్లు. రైల్వేలో ఉన్నవాళ్లు సిగ్నల్ గురించి, నర్సుగా ఉన్న చెల్లెలు మందుల చీటీ గురించి, బ్యాంకులో ఉన్నవాళ్లు పాస్‌బుక్కు గురించి, ఎమ్మిగనూరులో మగ్గం నేసే అన్న పడుగూ పేకల గురించి, దిగువ కాలువ కింద సేద్యం చేసే మామ నీటి వంతుల గురించి. ఇంగ్లీషు రాయలేమని ఎవరూ వెనక్కి తగ్గనక్కరలేదు. తెలుగులో చెప్పండి, మన ఇంగ్లీషు ఉపాధ్యాయులు సులువైన మాటల్లో పెట్టి, కింద అయిదు ప్రశ్నలు రాసి దిద్దుతారు. వాళ్లతో మాట్లాడాను, సరేనన్నారు.

బడిలో రోజూ ప్రార్థన అయ్యాక ఒక పేరా బోర్డు మీద ఉంటుంది. సుగ్గికి పోయే పిల్లలకు అరవై పేరాల కట్ట, ఒక పెన్సిల్, వెనక జవాబుల కాగితం ఇచ్చి పంపుదాం. పొద్దంతా చేలో ఉన్నా, సాయంత్రం పదిహేను నిమిషాలు దొరక్కపోవు. తిరిగి వచ్చిన రోజున "ఎన్ని చదివావురా?" అని అడిగే అన్నో అక్కో ఒకరు ఉండాలి. ఊళ్లో ఉండే మిత్రులు ఒక్కొక్కరు అయిదుగురు పిల్లల బాధ్యత తీసుకుంటే చాలు.

మొదటి అయిదు పేరాలు నేను రాసి తెచ్చాను. కరెంటు బిల్లు, ట్రాన్స్‌ఫార్మర్ మీది నేమ్‌ప్లేటు, ఫ్యూజు, పిడుగు, వ్యవసాయం మోటారు. కాపీలు కార్యదర్శి గారి దగ్గర ఉన్నాయి. మిగిలినవి తొంభై అయిదు. భోజనాలకు లేచే ముందు ఆ పుస్తకంలో మీ పేరు, మీ పేరా దేని గురించో రాసి పోవాలని కోరుతున్నాను.